గోల్‌కీపర్ పేరు

ఐస్ హాకీ చరిత్ర మీద ఆరు భాగాల టీవీ సీరీస్‌కి తెలుగు గొంతు కావాలని స్టూడియో యజమాని బాలు అడిగినప్పుడు నేను మా బాబాయి పేరు చెప్పాను. తెలుగు స్క్రిప్టు రాసేది నేనే కాబట్టి నా మాట చెల్లింది.

మా పానకాలు బాబాయి ఒంగోలు చుట్టుపక్కల ఎడ్ల బండలాగుడు పందేల్లో ఏళ్ల తరబడి మైకు పట్టుకున్న మనిషి. ఈమధ్య కమిటీల వాళ్లు డీజే పాటలు వేసే కుర్రాళ్లని పిలుస్తున్నారు. మైదానంలో ఎడ్ల కంటే స్పీకర్లే ఎక్కువ రంకెలేస్తున్నాయి. మైకు లేక మనిషి బెంగపెట్టుకున్నాడని పిన్ని చెప్పింది. ఈ సీరీస్ బాగా వస్తే ఇంకోటి కూడా ఇస్తానన్నాడు బాలు. ఎలాగైనా ఇది నిలబడాలని నా ఆరాటం.

బయట గుంటూరు ఎండ మాడ్చేస్తుంటే, లోపల బాబాయి గడ్డకట్టిన నదుల మీద కర్రలు పట్టుకుని జారే మనుషుల గురించి హుషారుగా చెప్పుకుపోయాడు. ఐదు భాగాలు ఇట్టే అయిపోయాయి.

ఆరో భాగంలో చిక్కొచ్చింది. పాత నలుపు తెలుపు ఫిల్ము. ఫైనల్ మ్యాచ్, ఆఖరి నిమిషం. వాళ్లు బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల గోల్‌కీపర్ కాళ్ల మధ్య నుంచి వలలోకి దూరిపోయింది. అతను మంచు మీద మోకాళ్లూని ఉండిపోయాడు. అక్కడ నేను రాసింది: 'గోల్‌కీపర్ పొరపాటుతో జట్టు ఓడిపోయింది.'

బాబాయి ప్రతిసారీ అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. చివరికి హెడ్‌ఫోన్స్ తీసేసి రికార్డింగ్ గదిలోంచి బయటికొచ్చాడు.

"ఈయన పేరేంటమ్మా? ఏ ఊరు?"

"ఇంగ్లీషు స్క్రిప్టులో పేరు లేదు బాబాయ్. గోల్‌కీపర్ అనే ఉంది."

"పేరు చెప్పకుండా, ఈయన మూలాన ఓడిపోయిందంటే ఎట్టా? పందేల్లో మేం అట్టా చెప్పం."

బాలు కల్పించుకున్నాడు. "పానకాలు గారూ, ఒక్క ముక్కండీ. రేపు ఛానల్‌కి పంపాలి. మీ వల్ల కాదంటే ఇవాళే ఇంకో గొంతు చూసుకోవాలి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎక్కడో ఎప్పుడో పోయినవాడి పేరు మనకెందుకని అనబోయి ఆగిపోయాను. నాన్న ఎడ్ల జత గుర్తొచ్చింది.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు సింగరాయకొండ దగ్గర పందెం జరిగింది. నాన్న ఎడ్లు బండ ముందు నిలబడి ఒక్క అడుగు వేయలేదు. జనం ఈలలు వేశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మైకులో బాబాయి, సొంత అన్న కదా అని గొంతు తగ్గించలేదు. నాన్న పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఎడ్ల పేర్లు చెప్పాడు. "లాగిన దూరం, సున్నా అడుగులు" అన్నాడు, మొదటి బహుమతి జతకి చెప్పినంత మర్యాదగా. ఎవరి జతకైనా ఆయనది అదే వరస. ఓడిపోయిందన్న మాట ఆయన నోట ఏ మైదానంలోనూ వినలేదు. ఈలలు ఆగిపోయాయి. నాన్న ఎడ్లను తోలుకుని తలెత్తుకునే బయటికొచ్చాడు.

నేను సీరీస్ తీసినవాళ్లకి మెయిల్ పెట్టాను. సాయంత్రానికి జవాబొచ్చింది. ఆ పేరు ఎంత వెతికినా దొరకలేదట.

సంగతి బాబాయికి చెప్పాను. ఆయన బాలు వైపు తిరిగాడు. "తెలీదని చెప్పొచ్చా మరి?"

బాలు తలూపాడు.

బాబాయి లోపలికెళ్లి గొంతు సవరించుకున్నాడు. "ఈ గోల్‌కీపర్ పేరు మాకు తెలియదు. ఊరు తెలియదు. ఆఖరి బిళ్ల ఆయన్ని దాటిపోయింది. జట్టు ఓడిపోయింది."

ఒక్క టేకులో అయిపోయింది. తర్వాతి సీరీస్ పని ఎప్పుడు మొదలుపెడదామని బాలు అక్కడికక్కడే అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బాబాయి మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. ఎన్నడూ అనని మాట అన్నందుకు ముఖం వాడిపోయింది.

"వాళ్లింట్లో వాళ్లు ఇది చూస్తారా అఖిలా?"

"చూడరు బాబాయ్. మనం చెప్పింది తెలుగులో కదా, చూసినా అర్థం కాదు."

"అట్టయితే పోన్లే" అని, అప్పుడు మంచినీళ్లు అడిగాడు.