రెండు కాళ్ళూ కొలిచిన టేపు

నేను ఒక దర్జీ టేపును. అరవై అంగుళాల పొడవు, మొదటి రెండు అంకెలు అరిగిపోయాయి. రెడ్డెమ్మ కువైట్‌కు పనికి పోవడానికి బ్యాగు సర్దుకున్న పొద్దున, ఆమె మంచం దగ్గర హుస్సేనమ్మ మెడలో వేలాడుతున్నాను. ఊరగాయ సీసాకు పాత గుడ్డ చుట్టి పెట్టారు. దువ్వెన మరిచిపోయి మళ్ళీ జిప్పు తీశారు. హుస్సేనమ్మ కుట్టి తెచ్చిన పంజాబీ డ్రస్సు రెడ్డెమ్మ అప్పటికే వేసుకుంది.

ఎక్కడ తయారయ్యానో గుర్తులేదు. బతుకు మొదలైంది మాత్రం రాయచోటిలో, హుస్సేనమ్మ నాయన మస్తాన్ మెడలో. కొలత ఇచ్చేటప్పుడు మనుషులు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. నన్ను మోసం చేశామనుకుంటారు, పండక్కి చొక్కా బొత్తాలు తెగి తెలుసుకుంటారు. మిగతా దర్జీలు ఒక కాలే కొలిచేవారు. మస్తాన్ రెండూ కొలిచేవాడు. దేవుడు రెండు కాళ్ళనూ ఒకే కత్తెరతో కత్తిరించలేదు అనేవాడు. ఆయన పోయాక నేనూ, ఆ అలవాటూ హుస్సేనమ్మకు వచ్చాం. ఆమె గొప్పంతా ఒంట్లోని వంకర బయటికి కనబడకుండా కుట్టడంలో ఉంది.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు రెడ్డెమ్మ కొలతలకు వచ్చింది. బోరింగు దగ్గర జారిపడి నెలన్నర కుడికాలికి సిమెంటు కట్టుతో ఉంది. అది విప్పి పది రోజులయింది. ఎడమ పిక్కకు నన్ను చుడితే పన్నెండు. కుడి పిక్కకు పదమూడున్నర. వెచ్చగా, బిర్రుగా ఉంది.

"మే, కట్టు విప్పిన కాలు చిక్కిపోవాల గదా? ఇదేంది, ఉబ్బినాది?" అంది హుస్సేనమ్మ.

"నడుస్తాంటే అదే తగ్గుతాది లేక్కా. ఏజెంటు చూసినాడంటే నన్ను పంపడు. కనపడకుండా కుట్టు, సాలు."

"నా చేతిలో పడినాక కనపడేదెట్ల?"

కుడికి గుడ్డ వదులుగా వదిలి, ఎడమది కూడా అంతే లావుగా కనబడేలా లోపల మడత కుట్టింది. వేసుకుంటే రెండు కాళ్ళూ కవలల్లా ఉన్నాయి. నాకూ గర్వంగానే అనిపించింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

బయలుదేరేటప్పుడు రెడ్డెమ్మ నాలుగడుగులు వేసి గడప మీద కూర్చుంది. ఆయాసం. గాలి పీలిస్తే పక్కటెముకల కింద పొడుస్తోందంది. అది ప్రయాణపు దిగులని హుస్సేనమ్మ సోడా తాగించింది. రెడ్డెమ్మ తమ్ముడు ఓబులేసు బ్యాగు అందుకున్నాడు.

తర్వాతి సంగతి ఓబులేసే వచ్చి చెప్పాడు. బస్సులో అక్క సొమ్మసిల్లితే దారిలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. ఎక్స్‌రే బాగానే ఉందట. కాళ్ళలో వాపు ఏమైనా ఉందా అని డాక్టరు అడిగితే, ఇతను అక్క ప్యాంటు వంక చూసి రెండూ ఒకటే సార్ అన్నాడట. గ్యాసుకు సూది వేసి పంపేశారు. తగ్గకపోయేసరికి సాయంత్రానికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ ఒక డాక్టరమ్మ ప్యాంటు కత్తిరించి, పిక్కలు రెండూ కొలిచి, వెంటనే స్కాను తీయించింది. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం తెగి ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది, రెండు వైపులా ఉంది అని చెప్పింది. కదలకుండా ఉన్న కాలికి అలా జరుగుతుందనీ, ఒక కాలే వాచి ఆయాసం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదనీ అంది. గడ్డ కరగడానికి మందు ఎక్కించారు.

"పొద్దున్నే తెలిసింటే బాగుండేదన్యారక్కా," అని కవరులోంచి ఆ ప్యాంటు తీశాడు.

హుస్సేనమ్మ ఎడమకాలి మడత విప్పి అతనికి చూపించింది. "నాకు తెల్సు ఓబులేసూ. అంగుళమున్నర తేడా. నేనే దాసినా."

అతను మడత వంక చూసి, ప్యాంటు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కాళ్ళ కొలతల్లో తేడా వస్తే హుస్సేనమ్మ గుడ్డ ముట్టదు. ముందు ఆసుపత్రికి పోయి రమ్మంటుంది. దర్జీకి డాక్టరు పిచ్చి పట్టిందని జనం నవ్వుతారు. ఆ ప్యాంటు మిషను సొరుగులో ఉంది. పని లేనప్పుడు నన్నూ అందులోనే పెడుతుంది. అంకె చూపించడం వరకే నా పని అని సర్దిచెప్పుకుంటాను. ఊరు మొత్తంలో ఆ అంకె తెలిసింది మా ఇద్దరికే.

రెడ్డెమ్మ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఆమె పోయింది రెండువేల పదహారు, జూలై పద్నాలుగు, గురువారం.