డ్యూక్ గారి మేనరికం

రెండువేల సంవత్సరంలో సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వంశవృక్షాల వెబ్‌సైట్ చేసే పని వచ్చింది. ఇచ్చినవాడు ఫాల్క్ అనే జర్మన్. పద్దెనిమిదో శతాబ్దంలో వాల్డెన్‌బ్రూక్ అనే సంస్థానాన్ని ఏలిన డ్యూక్ లుడోల్ఫ్ తన పూర్వీకుడని చెప్పుకునేవాడు.

డ్యూక్ ఏలిన దేశం సింగపూర్‌లో ఈ చివర బూన్ లే నుంచి ఆ చివర పుంగ్గోల్ దాకా కూడా ఉండదు. అక్కడి రైతుల కొడుకులను పొరుగు రాజులకు సైనికులుగా అమ్మి భవనం కట్టుకున్నాడు. తాను యుద్ధానికి వెళ్లలేదు. పందుల వేటలో గుర్రం మీది నుంచి పడి చనిపోయాడు. ఫాల్క్ దాన్ని వీరమరణం అని రాయించాడు.

ప్రాజెక్టు మేనేజర్ కేశవరావు. ఈ పని చేజారితే ఉద్యోగం ఉండదని, దానితోపాటు సింగపూర్‌లో ఉండే అనుమతీ పోతుందని అతనికి ముందే చెప్పారు.

డ్యూక్ తండ్రి తన మేనమామ కూతురిని పెళ్లాడాడు. అందువల్ల ఒకే ముత్తాత దంపతులు తండ్రి వైపూ తల్లి వైపూ వచ్చారు. ప్రోగ్రాం రాస్తున్న రజిత అది కేశవరావుకు చూపించింది.

"మా ఇండ్లల్ల గిట్లనే ఉంటది సార్. మేనరికం."

"వాళ్లు యూరప్ రాజులమ్మా, మీ కరీంనగర్ కాదు. డూప్లికేట్స్ తీసెయ్."

తల్లి వైపు ఉన్న జంటను తీసేసింది.

కేశవరావు చేసుకున్నదీ మేనమామ కూతురినే. ఆఫీసులో మాత్రం లవ్ మ్యారేజ్ అని చెప్పాడు. బావా అనొద్దని, కేశవ్ అనాలని భార్య కమలాదేవికి సింగపూర్ విమానంలోనే నేర్పాడు.

సైటు చూపించే రోజు ఆమె అతిథి కోసం ఆఫీసుకు పులిహోర తెచ్చింది. ఫాల్క్ తెర చూశాడు. డ్యూక్ మాతామహుడికి తల్లిదండ్రులు లేరు. డ్యూక్ అమ్మానాన్నలు మేనత్త మేనమామ బిడ్డలని, ముత్తాతలు రెండు వైపులా ఉండాలని, తమ వంశంలో అనాథలు లేరని ఫాల్క్ అన్నాడు. ఒప్పందం రద్దు చేస్తానన్నాడు. తప్పు రజితదని కేశవరావు చెప్పాడు.

కమలాదేవి గిన్నె కింద పెట్టింది.

"ఆ పిల్లనెందుకంటావు బావా? మన పెళ్లి లాంటిదేగా." ఫాల్క్ వైపు తిరిగింది. "సేమ్ లైక్ అస్. హిజ్ మదర్, మై ఫాదర్స్ సిస్టర్."

ఫాల్క్‌కు కోపం పోయింది. రాజవంశాల ఆచారం ఇంకా బతికి ఉన్నందుకు సంతోషించాడు. కేశవరావు వంశవృక్షం కూడా మొదటి పేజీలో డ్యూక్ పక్కన పెడితే ఒప్పందం ఉంచుతానన్నాడు. కేశవరావు ఒప్పుకున్నాడు.

సాయంత్రం రజిత ఆ వృక్షం ఎక్కించింది. అప్పయ్య పేరు రెండుచోట్ల వచ్చింది, ఒకసారి కేశవరావు తల్లికి తమ్ముడిగా, ఒకసారి కమలాదేవికి తండ్రిగా. కేశవరావు ఆమె కుర్చీ పక్కకు వచ్చి, ఒకచోట తీసెయ్యమని మెల్లగా అడిగాడు.

"ఎవర్ని తియ్యాలె సార్?" అంది రజిత. "మీ మేనమామనా, మీ మామగారినా?"