జవాబు గడి

చేపలు మూగవని మొదట ఎవరన్నారో గానీ, ఆ మహానుభావుడు ఎప్పుడూ నీళ్ళలో చెవి పెట్టి ఉండడు. గుండుసూదికి ఆ సంగతి బాగా తెలుసు. సముద్రం అడుగున నాలుగు నెలలు పడి ఉన్న నీటి మైకు ఏమేం విన్నదో, అదంతా చెవులకు తగిలించుకుని మళ్ళీ వినడమే ఆమె పరిశోధన. రొయ్యలు వేడి నూనెలో ఆవాల్లా చిటపటలాడతాయి. ఒక చేప గురగురమంటుంది, దూరంగా ఇంకొకటి బదులిస్తుంది. ప్రతి పలుకుకూ పట్టికలో నాలుగు గడులు నింపాలి: సమయం, చప్పుడు, ఎవరిది, జవాబు వచ్చిందా.

ఆమెకు ఆ పేరు పెట్టింది రెండేళ్ళు సీనియరైన తాబేలన్న. "నువ్వు నవ్వినా స్కేలుతో కొలిచి నవ్వుతావే" అని ఏడిపించేవాడు. అతడు మాత్రం కొంప అంటుకున్నా నిమ్మకు నీరెత్తినట్టు నడిచొచ్చే మనిషి. ఆ మైకును అడుగున బిగించడానికి దిగింది అతడే. పైకి వచ్చింది శవం.

ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన పాత వలలో చిక్కుకున్నాడు. విచారణలో గుండుసూది ఒకే మాట చెప్పింది: "తాడు నా చేతిలోనే ఉందండీ. ఒక్కసారి కూడా లాగలేదు." నీళ్ళలో ఉన్నవాడు నడుముకు కట్టిన ఆ తాడును మూడుసార్లు లాగితే పైకి తియ్యమని గుర్తు. లాగలేదంటే గుండె ముందే ఆగి ఉంటుందని డాక్టరు రాశాడు. అతడి తల్లి ఆ మాటనే పట్టుకుని బతుకుతోంది. "నా బిడ్డ బాధపడలేదు కదమ్మా? నిద్రపోయినట్టే పోయాడు కదా?" అని ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతుంది. "అవునమ్మా" అంటుంది ఈ మహాతల్లి.

మైకు బిగించిన ఆ మొదటి రోజు ఫైలును పిరికిగా అన్నిటికన్నా చివరికి ఉంచుకుంది. ఈ మధ్యాహ్నం ఇక తప్పలేదు. పదీ నలభై ఒకటి దగ్గర టంగ్, టంగ్, టంగ్ మని వినిపించింది. ఇనుము మీద ఇనుము. కాస్త ఆగి మళ్ళీ మూడు. ఎక్కడా తొందర లేదు. చావు ముంచుకొస్తున్నా అంత నిదానంగా వీపునున్న గాలి సిలిండర్ మీద పానాతో కొట్టే మనిషి ఈ లోకంలో ఒక్కడే.

హెడ్‌ఫోన్ తీసేసింది. చప్పుడు ఆగలేదు. సింకులో కుళాయి చుక్కలు రాలుస్తోంది, మూడేసి. పక్కగదిలో ఎవరో బల్ల మీద పెన్నుతో కొడుతున్నారు, మూడేసి. వెళ్ళి చూసింది. పక్కగదికి తాళం వేసి ఉంది.

ఆ రోజు పడవ లాగ్‌బుక్ తెరిచింది. పదీ నలభైకి ముత్యాల్లాంటి తన అక్షరాలు: నీటి వేడి, ఉప్పదనం, "సముద్రం ప్రశాంతం". పది నిమిషాలకోసారి కొలత తప్పకూడదు. ఆ రోజు మీటరు మొరాయించింది. తాడును పడవ కొక్కేనికి కట్టేసి, మీటరుతో తొమ్మిది నిమిషాలు కుస్తీ పట్టి, కొట్టివేత లేకుండా అందంగా రాసింది. కొక్కేన్ని ఎన్నిసార్లు లాగితే మాత్రం ఎవరికి తెలుస్తుంది?

ప్రొఫెసరమ్మ తలుపు తోసింది. "ఏమ్మా, అయిందా? రేపు పొద్దున్నే మైకు మళ్ళీ దింపుతున్నారు. సాయంత్రానికల్లా దాని మెమరీ కార్డు ఖాళీ చేసిచ్చెయ్."

"మేడం, మొదట్లో ఏదో చప్పుడుంది."

"చేపదా?"

"కాదండీ."

"చేపది కాకపోతే మనకెందుకు? తీసెయ్." ఆమె వెళ్ళిపోయింది.

ఒక్క మీట నొక్కితే చాలు. కడుపులో చల్ల కదలకుండా పట్టా చేతికొస్తుంది, ఆ తల్లి నిద్ర చెడదు. తల్లి కోసమే కదా అని మనసు వాదించింది కూడా. తప్పు చేసిన మనసుకు వాదనలకేం కొదవ!

మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకుని చివరిదాకా విన్నది. పన్నెండు విడతలు కొట్టాడు. పన్నెండో విడతలో రెండే. మూడోదాని కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది. రొయ్యలు చిటపటలాడాయి. "లాగుతున్నానన్నా, లాగుతున్నా" అని పైకే అనేసింది. చూసుకుంటే రెండు చేతులూ హెడ్‌ఫోన్ వైరును గుంజుతున్నాయి.

ఫైలును కాపీ చేసి మరో రెండు చోట్ల దాచింది. పట్టిక తెరిచింది. సమయం: 10:41 నుంచి 10:49. చప్పుడు: సిలిండర్ మీద ముప్పై అయిదు దెబ్బలు. ఎవరిది: తాబేలన్న. జవాబు వచ్చిందా: లేదు.

ఆదివారం కాకపోయినా ఫోన్ తీసి, తనే ఆ తల్లికి చేసింది.

"అమ్మా, ఆ రోజు తాడు నా చేతిలో లేదమ్మా."