అత్సిరో

కనుమ మీద మబ్బు తిష్ట వేసి చాలా రోజులైంది. తక్కిన కుటుంబాలన్నీ లోయలోకి దిగిపోయాయి. కొండమీది పచ్చికలో రెండే గుడారాలు మిగిలాయి: ఒకటి మాది, ఒకటి మా ఆయన సాదిర్‌కు వరుసకు అన్న అయ్యే కాలిస్‌ది. ఊట దగ్గరి మేత నాదంటే నాదని ఇద్దరికీ తగువు. ముందు గుడారం విప్పినవాడు మేత వదులుకున్నట్టేనని మావాళ్ల కట్టుబాటు. అందుకే ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. మంచు పడితే కనుమ మూసుకుపోతుంది. నాకేమో నెలలు నిండాయి.

ఇంత పంతంలోనూ పగలంతా కాలిస్ గుడారంలో చేరి తొమ్మిది గుంటల పలక మీద ఆట. ఒకే తిత్తిలోని పులిసిన గుర్రప్పాలు పంచుకు తాగేవాళ్లు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఆ రోజు వంతు కాలిస్‌ది. అతని వైపు గుంటల్లో ఒక్క రాయీ లేదు.

"అత్సిరో," అన్నాడు మా ఆయన మీసం దువ్వుతూ.

వంతు ఉండీ కదపడానికి రాయి లేకపోవడాన్ని మేం అలా అంటాం. ఆట అక్కడితో సరి. ఎదుటివాడి వైపు మిగిలిన రాళ్లన్నీ వాడివే.

"ఆటలో నేనొక్కణ్ణే. బయట ఇద్దరం అత్సిరోలోనే ఉన్నాంరా తమ్ముడూ," అన్నాడు కాలిస్. "కదిలితే మేత పోతుంది, కదలకపోతే ప్రాణాలు పోతాయి. నీ పెళ్లాన్ని చూడు. రేప్పొద్దున ఒకేసారి విప్పుదాం."

"ఒకేసారి అంటావ్. నా తాళ్లు ఊడాక నీవి బిగించుకుంటావ్. నేనంత వెర్రివాణ్ణా అన్నా?"

కాలిస్ భార్య బాత్మా పొయ్యి దగ్గర్నుంచి నా పొట్ట వంక చూసింది. నా మొదటి కాన్పు గడ్డు కాన్పు. ఇప్పుడు లోయలో అవ్వ దగ్గరున్న ఆ బిడ్డనూ నన్నూ దక్కించింది ఆవిడ చేతులే.

"మాతో వచ్చెయ్ చెల్లీ. మీ ఆయన్ని ఇక్కడే మేసుకోనీ," అంది.

నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం నా గుర్రం జీను తెచ్చి తన తలకింద పెట్టుకున్నాడు. నాకు భయం వేసింది.

తెల్లారేసరికి గాలి ఆగిపోయింది. గొర్రెలు మేత ముట్టకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. కాలిస్ గుడారం ఉన్నచోట అణగిన గడ్డి గుండ్రంగా మిగిలింది. దాని మధ్యలో ఆట పలక. అతని వైపు గుంటలు ఖాళీ, రాళ్లన్నీ మా వైపే ఉన్నాయి.

"గెలిచాం ఊల్కాన్. మిగిలిందంతా మనదే," అన్నాడు మా ఆయన పలక చంకన పెట్టుకుని.

"అయితే మనమూ ఇప్పుడే దిగుదాం."

"ఏమిటే నీ తొందర? ఊట చుట్టూ హద్దురాళ్లు పేర్చి వస్తా. మళ్లీ ఎండాకాలం వాడు కాదనకూడదు."

అతను రాళ్లు పేర్చి వచ్చేసరికి కనుమ కనిపించడం లేదు. ఊట మీదా, హద్దు మీదా, గొర్రెల మీదా మంచు దట్టంగా కురుస్తోంది. నాకు నడుములో నొప్పి లేచింది. గుడారం కొయ్య పట్టుకుని నిలదొక్కుకున్నాను.

"పోయి బాత్మాను పిలుచుకురా," అన్నాను.

అతను అలవాటు కొద్దీ బయటికి పరుగెత్తాడు. నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. ఆ గడ్డి మచ్చ కూడా మంచులో కలిసిపోయింది.