కాళ్ళున్న దుంగలు

గట్టి కలప దుంగల్ని ఇకమీదట దుంగలుగా ఓడెక్కించకూడదని సర్కారు ఉత్తర్వు వచ్చిన రోజున, వడ్రంగి మేస్త్రి ఆ వార్తను పెళ్ళాం చేత మూడుసార్లు చదివించుకున్నాడు. కలప దేశం దాటాలంటే సామానుగా మారి దాటాలట. సామాను చెయ్యాలంటే వడ్రంగి ఉండాలి కదా! ఇరవై ఏళ్ళుగా మంచి మాను ప్రతి ఒక్కటీ తన షెడ్డు ముందు నుంచే రేవుకు పోతుంటే, నాసిరకం ప్లైవుడ్‌కు మేకులు కొట్టుకుంటూ బతికిన మనిషి. "ఇక చూడు, మన చేతికి ఊపిరి సలపదు," అన్నాడు పెళ్ళాంతో. వీధిలో కనబడిన ప్రతివాడికీ ఆ చట్టం తన కోసమే రాశారన్నట్టు చెప్పుకున్నాడు.

వారం తిరక్కుండానే కలప షావుకారు కబురు పెట్టాడు. మేస్త్రి ఉలులన్నీ సానబట్టుకుని యార్డుకు వెళ్ళాడు. అక్కడ ఇద్దరు కలిసి చేతులు చాపినా చుట్టూ అందని దుంగలు నూటయాభై పడి ఉన్నాయి.

"ఒక్కోదానికి నాలుగు కాళ్ళు పెట్టు," అన్నాడు షావుకారు.

"పెట్టి?"

"పెట్టి ఏముంది? బల్ల అవుతుంది. బల్లలు పంపుకోవచ్చని రాశారుగా!"

చట్టాన్ని చదివినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. అందులో కన్నం ఎక్కడుందో వేలు పెట్టి చూసినవాడు షావుకారు ఒక్కడే. దుంగ బరువుకు కాళ్ళు పిండైపోతాయి కాబట్టి బల్లల్ని బోర్లా ఉంచాలన్నాడు. కాళ్ళన్నీ ఆకాశంలోకి చూస్తుండగా సర్టిఫికెట్లిచ్చే అధికారి వచ్చాడు. అటు నుంచి ఇటు ఒకసారి నడిచి, బోర్లా పడినంత మాత్రాన బల్ల బల్ల కాకుండా పోదని తేల్చి సంతకం పెట్టాడు.

మేస్త్రికి ఒక జబ్బు ఉంది. చెడ్డ పని చెయ్యడం చేతకాదు. దుంగకు తగిలించే ఆ జానెడు కాళ్ళను కూడా చిత్రిక పట్టి, తరిమెన యంత్రం మీద గుండ్రంగా తిప్పి, నడుం సన్నంగా తీసి, దుంగకు రంధ్రం తొలిచి కదలకుండా బిగించేవాడు. "ఎవరు చూడొచ్చారు మేస్త్రీ? అటువాళ్ళు పీకి పారేసేవేగా!" అని షావుకారు పళ్ళు నూరేవాడు. "ఎవరూ చూడకపోతే మాత్రం నా చేతికి తెలీదా అయ్యా," అనేవాడు మేస్త్రి. కూలీలు మొహం తిప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

మూడో ఓడ వెళ్ళాక, కొన్న దేశం నుంచి ఉత్తరం వచ్చింది. మేస్త్రి బావమరిది షావుకారు దగ్గరే గుమాస్తా. అన్నం వేళకు పరిగెత్తుకొచ్చాడు.

"బావా! నువ్వు చేసిన కాళ్ళు కావాలట!"

"సరిగ్గా చెప్పరా."

"దుంగలకు కాళ్ళు పెట్టొద్దట, వాళ్ళ రంపానికి అడ్డమట. పీకేసరికి తలప్రాణం తోకకొచ్చిందట. కానీ పీకినవి పారెయ్య బుద్ధి కాక సోఫాల కింద బిగిస్తే జనం ఎగబడి కొన్నారట. రెండు వేల కాళ్ళు విడిగా పంపమన్నారు. షావుకారు తనకు అక్కర్లేదన్నాడు, నిన్నే పంపుకోమన్నాడు."

మేస్త్రికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సముద్రం అవతల ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు తన పనిని చేత్తో తడిమి చూశారు. ఈ ఒక్క పని దొరికితే షెడ్డు నిలబడుతుంది. దుంగలకు వేషాలు వెయ్యక్కర్లేదు. ఉన్నవాటిలోంచి మంచి కాలు ఒకటి ఏరి, గుడ్డతో తుడిచి, అధికారి దగ్గరికి పట్టుకెళ్ళాడు.

అధికారి చెడ్డవాడేమీ కాదు. కాలును అటూ ఇటూ తిప్పి చూసి, "అద్దంలా ఉందయ్యా," అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, పంపదగ్గ సామాన్ల జాబితా తీశాడు.

"ఇది కుర్చీనా?"

"కాదు సార్."

"బల్లా?"

"కాలు సార్."

"కాలు జాబితాలో లేదు. అంటే ఇది ఒట్టి కలప ముక్క. ఒట్టి కలప పంపకూడదు."

"కొయ్యని దుంగలు నాలుగొందలు పంపారు కద సార్?"

"దుంగలా? నా సంతకంతో ఒక్క దుంగ కూడా వెళ్ళలేదు. అన్నీ బల్లలే!" అధికారికి నిజంగానే కోపం వచ్చింది. అంతలోనే మేస్త్రి మొహం చూసి జాలిపడ్డాడు. "ఒక దారి చెప్తా విను. నాలుగేసి కాళ్ళకు ఒక దుంగ తగిలించి తీసుకురా. కళ్ళు మూసుకుని సంతకం పెడతా."

మేస్త్రి ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. పెళ్ళాం పగలబడి నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆయనకు తల కొట్టేసినట్టుంది.

మర్నాడు యార్డులో కొత్త దుంగలు దిగాయి. "ఇటువాళ్ళకు కనబడాలి, అటువాళ్ళకు ఊడాలి. అంతే!" అన్నాడు షావుకారు. మేస్త్రి తరిమెన జోలికి పోలేదు. పక్కన పడున్న చితుకుల్లోంచి చేతికందిన ముక్కలు తీసి, దుంగ మీద నాలుగేసి పెట్టి, ఒక్కో మేకు కొట్టి వదిలేశాడు. మధ్యాహ్నానికల్లా నలభై దుంగలు బల్లలైపోయాయి.

షావుకారు వచ్చి ఒక కాలు పట్టుకుని ఊపాడు. అది చేతిలోకి ఊడి వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇన్నేళ్ళకు పని నేర్చుకున్నావు మేస్త్రీ!" అని అందరి ముందూ భుజం తట్టాడు.

ఎవరైనా తన పనిని మెచ్చుకుంటే మేస్త్రి తల దించుకోవడం అదే మొదలు.