మా ఇంట్లో రెండో మిషను

మా ఇంటికి కొత్త మిషను వచ్చింది. నేను టైలర్ని కాబట్టి కుట్టుమిషనే అనుకున్నారు వీధిలో అందరూ. కాదు. చెట్ల కొమ్మలూ ఎండాకులూ వేస్తే ముక్కలు ముక్కలు చేసి కింద సంచిలో పోసే మిషను. అమ్మినవాడు దాన్ని ష్రెడ్డర్ అన్నాడు. పైన ఆకులకి పెద్ద గరాటు, పక్కన కొమ్మలకి గొట్టం, లోపల గిర్రున తిరిగే బ్లేడ్లు, కింద రెండు చక్రాలు. దాన్ని గేటు లోపలికి తోసుకొస్తున్నప్పుడు నా హడావిడి చూసి ఉంటే, పెళ్లినాడు కూడా ఇంత సంబరపడలేదని మా ఆవిడ దెప్పిపొడిచేది. ఆవిడ చూడలేదు. కిటికీలన్నీ మూసుకుని లోపల పడుకుని ఉంది.

ఆవిడకి ఉబ్బసం. ఏడాదంతా బాగానే ఉంటుంది. ఆకులు రాలే రోజులొస్తే చాలు, మా వీధి పొగతో నిండిపోతుంది. ఊపిరి అందక సగం మాట మింగేస్తుంది. నన్ను తిట్టడం మొదలుపెట్టి దగ్గొచ్చి మధ్యలోనే వదిలేస్తుంది. అందుకని ఏటా ఆ రోజుల్లో మా బావమరిది కారేసుకొచ్చి అక్కని వాళ్లింటికి తీసుకుపోతాడు. చెట్లు మళ్లీ చిగురేసేదాకా నేను ఒంటరిగా గిన్నెలు మాడ్చుకుంటూ బతుకుతాను. ఈ ఏడు పంపేది లేదని పంతం పట్టాను. నా పంతం ఎలా ఉంటుందో, చొక్కా బిగుతుగా కుట్టావని నాతో వాదించినవాళ్లని అడగండి.

పొగ పెట్టేది ఎవరో కాదు, ఎదురింటి డ్రిల్ మాస్టారే. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గాని మెడలో ఈల మాత్రం తియ్యలేదు. ఆదివారం పొద్దున్నే వీధంతా ఊడ్చి, అందరి గుమ్మాల ముందు ఆకులూ ఒకచోట గుట్టపోసి అగ్గిపుల్ల గీస్తారు. చెత్తబండి వాళ్లు ఆకులు ముట్టుకోరు. ఈయన ఊడవకపోతే మురుక్కాలవ పూడుకుపోతుంది, అదీ నిజమే. అయినా నేను ఏటా ఆయన మీదికి వెళ్లి అరుస్తాను. ఆయనదీ ఏటా ఒకటే జవాబు.

"ఆకులు ఏం చెయ్యమంటావయ్యా? జేబులో పెట్టుకుంటావా?"

ఒళ్లు మండిపోయేది గాని ఏమనాలో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. శనివారం సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఆయన్ని కేకేశాను.

"మాస్టారూ, రేపు కుప్ప పొయ్యడం మీ వంతు. మాయం చెయ్యడం నా వంతు!"

ఆయన రోడ్డు దాటొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని మిషను చుట్టూ తిరిగారు.

"ఇదా? నా కుప్పంతా ఇది తింటుందా?"

"తినకపోతే నన్నడగండి."

"సరే. రేపు కుప్ప పోసేసి, స్నానం చేసి, టిఫిను తిని వస్తాను. అప్పటికి ఆకు కనపడకూడదు. కనపడిందా, అగ్గిపుల్ల గీసేస్తా. ఇక ఈ జన్మలో పొగ గురించి నువ్వు నోరెత్తకూడదు."

"అలాగే!" అనేశాను. నా నోటికి ముందూ వెనకా చూసుకునే అలవాటు లేదు. లోపలికెళ్లి ఆవిడతో చెప్పాను. మంచం పక్కన బట్టలు సర్దిన బ్యాగు అప్పటికే సిద్ధంగా ఉంది.

"మీకు... పిచ్చా?" అంది. ఇంకేదో అనబోయింది గాని దగ్గొచ్చింది. తల అటు తిప్పుకుని పడుకుంది. ఆ తిట్టు కూడా పూర్తిగా తిట్టలేకపోయింది.

తెల్లారేసరికి మా గేటు ముందు కుప్ప నా నడుముని దాటి ఉంది. మాస్టారు ఒకసారి ఈల ఊది, "కానియ్యి!" అని స్నానానికి వెళ్లిపోయారు. నేను కుట్టుగదిలోంచి కరెంటు వైరు లాగి, పెద్ద కళ్లద్దాలు పెట్టుకుని, తోలు గ్లౌజులు తొడుక్కుంటుండగా బావమరిది కారు ఆగింది.

"ఏంటి బావా ఈ అవతారం?"

"మీ అక్క ఎక్కడికీ రావట్లేదు. కారు నీడలో పెట్టుకో."

"పోయినేడు సంగతి మర్చిపోయావా?" అన్నాడు వాడు, నవ్వకుండా.

మర్చిపోలేదు. పోయినేడు నేను పంపడానికి ఒకరోజు ఆలస్యం చేస్తే ఆవిడ ముక్కుకి ఆక్సిజన్ పెట్టుకుని ఆస్పత్రిలో పడుకుంది.

"కుప్పకి నిప్పంటుకునేదాకానే ఆగుతాను. ఆ తర్వాత నీ మాట వినను" అన్నాడు.

"చాల్లే, పక్కకి జరుగు" అని స్విచ్చి నొక్కాను.

మిషను ఒక్కసారి గుర్రుమంది. కింద నేల సన్నగా వణికింది. కుప్పలోంచి బొటనవేలంత లావున్న కొమ్మ ఒకటి తీసి గొట్టంలో పెట్టానో లేదో, నా చేతిలోంచి లాక్కుంది! కటకటకటమని చెరుకు నమిలినట్టు నమిలి, కింద సంచిలోకి పచ్చటి ముక్కలు ఉమ్మేసింది. నాకు నవ్వాగలేదు. ఇంకో కొమ్మ పెట్టాను. అదీ పోయింది. మెలికలు తిరిగిన కొమ్మ పెట్టాను. ఒకసారి ఎగిరింది, తర్వాత అదీ లోపలికి జారుకుంది. ఇన్నేళ్లు ఇలాంటిది లేకుండా ఎలా బతికానా అనిపించింది.

"బావా, ఒక్కటి నన్ను వెయ్యనీ" అన్నాడు బావమరిది, కారు తాళాలు జేబులో పడేసుకుంటూ.

"గ్లౌజులేవీ?"

"నీవిచ్చెయ్."

"నీ మొహం. కుట్టుగదిలో ఇంకో జత ఉంది, తెచ్చుకో."

పరిగెత్తాడు. కొమ్మలన్నీ మేమిద్దరం పోటీ పడి తినిపించేశాం. ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని మరీ తినిపించాం. ఇక ఆకులు మిగిలాయి. ఎండాకులు నలుగుతుంటే సన్నటి దుమ్ము లేవడం చూసి మిషను ఆపేశాను. దుమ్ము కూడా ఆవిడకి పడదు. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఇస్త్రీ చేసేముందు బట్ట మీద నీళ్లు చల్లడం నా చేతులకి అలవాటు. నీళ్లు పడితే ఎంత మొండి ముడతైనా లొంగుతుంది. ఆకులు మాత్రం ఎందుకు లొంగవు? పంపు గొట్టం లాగి కుప్పంతా శుభ్రంగా తడిపాను.

"బావా, దీంతో వచ్చిన పుస్తకం చదివావా?" అన్నాడు వాడు అనుమానంగా.

"పుస్తకం చూసి కుట్టేవాడు టైలరా?"

తడి ఆకులు గరాటులో రెండు చేతులా కుక్కాను. దుమ్ము లేవలేదు. చూశావా అన్నట్టు వాడి వైపు చూశాను. అంతలో మిషను మూలిగింది. గొంతు బొంగురుపోయింది. ఆగిపోయింది.

కరెంటు తీసి మూత విప్పి చూద్దును కదా, లోపల బ్లేడ్లకి ఆకులన్నీ ముద్దయి అట్టలా కరుచుకుపోయి ఉన్నాయి. నా చెక్క స్కేలుతో గీకి, తుడిచి, మూత బిగించి మళ్లీ పెట్టాను. కాసేపు తిరిగింది, మళ్లీ ఆగింది. మళ్లీ విప్పాను, మళ్లీ గీకాను. ఈసారి స్విచ్చి నొక్కీ నొక్కకముందే పీకపట్టేసింది. కుప్ప సగం కూడా తరగలేదు. చెమట కళ్లద్దాల లోపలికి కారుతోంది.

"బావా, నువ్వేం చేశావో అర్థమైందా?" బావమరిది గొంతు మారింది. "ఎండాకైతే భగ్గుమని మండి అయిపోతుంది. తడిదాన్ని అంటిస్తే సాయంత్రందాకా పొగే. నేను అక్కని లేపుతున్నా."

వాడు లోపలికెళ్లాడు. ఆవిడకి దుమ్ము పడదని తడిపినవాణ్ని, పొగకి నేనే దారి చేసి పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ స్కేలుతో నన్ను నేనే రెండు వేసుకోవాలనిపించింది.

అదే సమయానికి మాస్టారు తల దువ్వుకుని, చొక్కా టక్ చేసుకుని, అగ్గిపెట్టెతో రోడ్డు దాటి వచ్చారు. కుప్పని చూశారు, ఒక ఆకు తీసి వేళ్ల మధ్య నలిపి చూశారు.

"తడిపావా? నీకెవరు చెప్పారయ్యా?"

"ఎవరూ చెప్పలేదు. నా సొంత తెలివే."

"బాగానే ఉంది నీ తెలివి. మరి మాట మాటే కదా?"

"మాటే" అన్నాను.

ఎదురుగా వాళ్ల వరండా కనిపిస్తోంది. మెట్ల పక్కన గోడకి ఆనించి పుల్లల మోపులు. వాన తగలకుండా పైన రేకు కప్పి, సైజు ప్రకారం కట్టి పెట్టారు. కుప్ప రాజెయ్యడానికి ఏడాది పొడుగునా ఏరి ఎండబెట్టినవి. పెళపెళలాడే పుల్లలు! వాటిని చూడగానే ఒక్కసారి నా చెయ్యి నుదుటికి పోయింది. కుట్టుమిషనుకి నూనె వేశాక నేను వెంటనే గిరాకీవాళ్ల బట్ట పెట్టను. ముందు ఒక పనికిరాని గుడ్డపీలికని సూది కింద నడిపిస్తాను. కారిన నూనెంతా అది తుడుచుకుపోతుంది. ఈ మిషనుకి కావలసింది కూడా అదే. తడి ఆకుల మధ్య మధ్య ఎండుపుల్ల పోతే బ్లేడ్లని అదే తుడుచుకుంటూ పోతుంది. మా కొమ్మలన్నీ సంబరంలో ముందే మిషనుకి తినిపించేశాం.

"మాస్టారూ! మీ పుల్లలు ఇవ్వండి!"

"ఏ పుల్లలు?"

"ఆ వరండాలోవి. అన్నీ."

"అన్నీ ఇచ్చేస్తే వచ్చే ఆదివారం నేను దేంతో రాజెయ్యాలి?"

"రాజెయ్యద్దు."

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. ఒకరి చేతికింద పని చెయ్యని మనిషి, ఒకరి మాట మీద పని మానుకోని మనిషి. ఇంతలో మా గుమ్మంలో దగ్గు వినిపించింది. తమ్ముడి భుజం పట్టుకుని, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని ఆవిడ బయటికి వస్తోంది. నాకు ఇక దాచుకోవడం చేతకాలేదు.

"మీ మీద గెలవాలని కాదు మాస్టారూ. ఆవిడ లేకుండా ఆ ఇంట్లో ఉండలేకపోతున్నాను. అంతే" అన్నాను.

ఎవరితోనూ ఎప్పుడూ అనని మాట అది. మాస్టారు నన్ను చూడలేదు. గుమ్మం వైపు చూశారు. కాసేపు ఈల తాడు వేలికి చుట్టుకుని విప్పుకున్నారు. అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నారు.

"ఇస్తాను. కాని నేనే వేస్తాను. నీది తొందర చెయ్యి."

"మీరే వెయ్యండి! ముందు ఈ గ్లౌజులు తొడుక్కోండి!"

బావమరిది అక్కని కారులో కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించి పరిగెత్తుకొచ్చాడు. మోపులన్నీ గేటు దగ్గర పడేశాం. చివరిసారి బ్లేడ్లు గీకి, మూత బిగించి స్విచ్చి నొక్కాను. మాస్టారు మొదటి పుల్ల పెట్టారు. టకటకమని పోయింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఇంకోటి పెట్టారు. లోపల అతుక్కున్న తడి ముద్ద కూడా ఊడి ధబ్బున సంచిలో పడింది.

"నడుస్తోంది!" అని నేను గెంతాను. నా వయసుకి గెంతకూడదు గాని గెంతాను.

"అల్లరి వద్దు! వరసలో నిలబడండి!" మాస్టారు ఈల ఊదారు. "ఒకటి, ఆకులు! రెండు, పుల్లలు! ఒకటి! రెండు!"

ఒకటి అనగానే బావమరిది గరాటులో గుప్పెడు ఆకులు పోశాడు. రెండు అనగానే ఆయన పుల్ల తోశారు. నేను సంచి నిండగానే గుంజి ఖాళీ చేసి మళ్లీ తగిలించాను. బడిలో నన్ను ఎండలో నిలబెట్టిన డ్రిల్ మాస్టార్లందరినీ ఆ క్షణాన క్షమించేశాను. మిషను ఆగలేదు, మూలగలేదు, మేమూ ఆగలేదు. కుప్ప నడుము నుంచి మోకాలికి దిగింది, మోకాలి నుంచి మడమకి దిగింది. చివరి గుప్పెడు ఆకుల కోసం మాస్టారూ బావమరిదీ ఇంచుమించు కొట్టుకున్నారు. ఆ తర్వాత రోడ్డు మీద తడి మరక తప్ప ఏమీ లేదు.

స్విచ్చి తీశాను. ముగ్గురం రొప్పుతూ నిలబడ్డాం. మాస్టారు సంచిలో చెయ్యి పెట్టి ఆ తరుగుని పైకి తీసి చూశారు.

"ఇది మొక్కల మొదళ్లలో పోస్తే తడి ఆరదు తెలుసా?" అన్నారు, మిషను తనే కొన్నట్టు. "వచ్చే ఆదివారం ఎన్నింటికి మొదలెడదాం?"

కారు తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగి, చున్నీ కిందికి లాగి, నెమ్మదిగా మా ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, ఎలా ఉంది?" అన్నాడు తమ్ముడు.

"ఎలా ఉంటుంది, గుమ్మానికి అడ్డంగా ఆ వైరేంటండీ, ఎవరైనా తట్టుకుని పడితే ఎవరిది పూచీ, ఒళ్లంతా ఆ ఆకు పిప్పేంటి, ఆ చేతుల్తోనే రేపు పెళ్లికొడుకు కోటు ముట్టుకుంటారా, ఒరేయ్ బావకి బుద్ధి చెప్తావనుకుంటే నువ్వూ బురదలో దిగావా, పైగా నన్ను కారులో పడేసి తలుపులేస్తావా, మాస్టారూ మీకైనా పెద్దరికం ఉండక్కర్లేదా, వీధి లేచిపోయేలా ఆ ఈలేంటి, చొక్కా చూసుకున్నారా, మీ ఆవిడ చూస్తే నన్నంటుంది, నీళ్లన్నీ ఇక్కడే పారబోశారు, ఇప్పుడు స్నానాలకేం చేస్తారు, ముగ్గురూ ముగ్గురే..."

మధ్యలో దగ్గొస్తుందని నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. రాలేదు. బావమరిది కూడా అదే చూస్తున్నాడని వాడి మొహం చెబుతోంది. మాస్టారు తల వంచుకుని బుద్ధిగా వింటున్నారు.

"వింటున్నారా అసలు?" అంది నాతో.

"వింటున్నాను. ఆపకు" అన్నాను.

ఆవిడ ఆపలేదు.