తుప్పు తినే పీతలు

1896 నవంబరులో ఈనక్ పర్డీ రాస్తున్న సీరియల్‌లో హల్విక్ ఊరు నాశనమైంది. సముద్రంలోంచి వచ్చిన ఏనుగంత పీతలు రైలు పట్టాలు నమిలి, స్టేషన్ కూల్చి, మేయరును తొక్కి వెళ్ళాయి. వారపత్రిక పక్క ఊరైన గ్రెస్బీకి శుక్రవారం చేరింది. శనివారం పొద్దున, అక్కడ అద్దెకుంటున్న పర్డీకి ఇంటి యజమానురాలు మిసెస్ హాబ్లిన్ చల్లారిన టీ ఇచ్చింది.

"హల్విక్‌ను నాశనం చేశారట."

"కథలోనే కదండీ."

"రైలు వేస్తే వాళ్ళకే వేశారు. షికారుకి సముద్రంలోకి వంతెన కడితే వాళ్ళకే కట్టారు. చివరికి ప్రళయం కూడా వాళ్ళకేనా? మేమేం పాపం చేశాం?"

పర్డీ ఊహలు రాసేవాడే గాని లెక్క తప్పేవాడు కాదు. పీతలు తుప్పు పట్టిన ఇనుమే తింటాయని రెండో వారమే రాశాడు. గ్రెస్బీలో పట్టాలు లేవు. ఆ మాటే చెప్పాడు.

"నా వంటపొయ్యి ఇనుముది కాదూ? దాన్ని తినమనండి."

"దానికి తుప్పు పట్టాలండీ."

ఆవిడ టీ కెటిల్ కింద పెట్టింది. శనివారం వస్తే ఆ వీధి ఆడవాళ్ళంతా మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యికి తుప్పు పట్టకుండా, మెరిసేలా నల్లపొడి రుద్దుతారు. రుద్దని ఇల్లాలిని చర్చిలో ఎవరూ పలకరించరు.

"తుప్పా! నా పొయ్యికా! ఆ ముక్క అచ్చులో కనబడిందా, మీ పెట్టె వీధిలో ఉంటుంది. పీతలు మా ఊరు రాకపోయినా వీధిలోనే ఉంటుంది. మీ ఇష్టం."

గదిలో మేకులను ఉప్పునీళ్ళలో నానబెట్టి తుప్పు చూసుకునే మనిషికి గ్రెస్బీలో ఇంకెవరూ గది ఇవ్వరు. పైగా కథకు ముగింపు దొరకలేదు. లండన్‌లోని సంపాదకుడు మంగళవారానికల్లా కావాలన్నాడు.

మధ్యాహ్నం పర్డీ వంటింట్లోకి తొంగి చూశాడు. ఆవిడ రుద్దుతోంది. పొయ్యి తలుపులో అతని ముఖం కనబడింది, మీసంతో సహా. పైకి వెళ్ళి రాయడం మొదలుపెట్టాడు. పీతలు గ్రెస్బీకి వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలన్నీ నాకాయి. ఎక్కడా తుప్పు లేదు. ఆకలితో చచ్చాయి. లోకం బతికింది.

సోమవారం ఆవిడకు చదివి వినిపించాడు.

"మా ఇంట్లోకి వచ్చిన పీత గుమ్మంలో కాళ్ళు తుడుచుకుందా?"

"పదీ తుడుచుకుంది."

"అయితే సరే," అని ఆవిడ వేడి టీ పోసింది.

మంగళవారం కాగితాలు తీసుకుని, లండన్ రైలు ఎక్కడానికి పర్డీ హల్విక్ స్టేషన్‌కు వెళ్ళాడు. టికెట్లిచ్చే గుమస్తా తల ఎత్తి చూశాడు.

"పట్టాలు తుప్పు పట్టాయి కదండీ. పీతలు తినేశాయి కూడాను. స్టేషనూ లేదాయె. టికెట్ ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

వెనకాల వరసలో నిలబడ్డ మేయరు గొంతు సవరించుకున్నాడు.

తర్వాతి స్టేషన్ దాకా పర్డీ పట్టాల పక్కనే నడిచాడు. పైభాగం మెరుస్తోంది. పక్కలంతా తుప్పే.